అమ్మవారా, సినిమా కటౌటా?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. మనిషి కంటే ఎత్తున్న ఆడమనిషి తల, మొహమంతా బంగారు రంగు, ఇంతింత కళ్ళు, ఎర్ర పెదాలు, సిగ నిండా పూలు. శిల్పి రవీందర్ రెడ్డి గారు చేసిందట. ఒకసారి చూస్తే అమ్మవారు, ఇంకోసారి చూస్తే సినిమా కటౌట్. పైగా ఫైబర్ అంట. రాయి చెక్కకుండా ఫైబర్‌కి రంగులేస్తే దాన్ని శిల్పం అనొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అనొచ్చండీ, నన్నడిగితే గట్టిగానే అనొచ్చు. మీకు అమ్మవారూ కటౌటూ రెండూ కనిపించాయి చూడండి, ఆయన కావాలని చేసిందే అది.

ఆయన 1956లో మన సూర్యాపేటలో పుట్టారు, బరోడాలో శిల్పం చదివి 80ల మొదట్లో లండన్ వెళ్ళి అక్కడా చదువుకున్నారు, తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. లండన్ అంటే పాప్ ఆర్ట్ మొదలైన చోటు, సినిమా తారలు, యాడ్స్‌లో బొమ్మలు అన్నీ గ్యాలరీల్లోకి వచ్చేసిన ఊరు. కానీ ఈయన బొమ్మల్లో నాకు కనిపించేది మాత్రం మన వీధే, క్యాలెండర్ లక్ష్మీదేవి, హోర్డింగ్ మీద హీరోయిన్, ఆ హోర్డింగ్ కింద బస్సు కోసం నిలబడ్డ మామూలు ఆవిడ, ముగ్గురూ ఒకే మొహంలో ఉంటారు. పేర్లు కూడా రాధ, కృష్ణవేణి అని మన పక్కింటి పేర్లే.

ఆ కళ్ళు చూడండి, రెప్ప వాల్చవు, గ్రామదేవతకి పెట్టే వెండి కళ్ళలాగా సూటిగా మన మీదకే చూస్తాయి. గుళ్ళో ఆ చూపు ముందు తల వంచుతాం, బయట అదే పోలికలున్న ఆవిడని అసలు పట్టించుకోం. అలాంటి ఆవిడకి ఆ చూపు, ఆ సైజు, ఆ బంగారం ఇచ్చారు చూడండి, అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

ఇక రంగు సంగతంటారా, గోపురాల మీద సున్నం బొమ్మలకి రంగులేస్తూనే ఉన్నాం కదా, అవి శిల్పాలు కావని ఎవరూ అనలేదే. ఫైబర్ అంటే తేలిక పని అని కూడా అనుకోకండి, మామూలుగా ముందు మట్టితో మొత్తం రూపం చెయ్యాలి, దానికి ప్లాస్టర్‌తో మోల్డ్ తియ్యాలి, మోల్డ్ లోపల రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురులాంటిది) పూస్తూ గ్లాస్ ఫైబర్ పొర మీద పొర వెయ్యాలి, ఆరాక ఊడదీసి ముక్కలు అతికి, అతుకు కనిపించకుండా రుద్ది రుద్ది నున్నగా చేశాకే రంగూ బంగారమూ. వేలి ముద్ర, చెక్కుడు గుర్తు ఏదీ మిగలని ఆ మెరుపు రాయిలో అంత తేలిగ్గా రాదు, హోర్డింగ్ మొహానికి కావలసిందేమో ఆ మెరుపే. లోపలంతా బోలు కాబట్టి అంత పెద్ద తలని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీసుకెళ్ళడమూ కుదురుతుంది, అదే రాయైతే టన్నుల బరువు.

ఇంకొకటి, ఫొటోలో ముందు వైపే కనిపిస్తుంది. ఎక్కడైనా ఎదురుపడితే తప్పకుండా వెనక్కి వెళ్ళి సిగ చూడండి, జుట్టు మెలికలు, పూల వరసలు ఎంత ఓపిగ్గా చేశారో, మొహం కంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.