కౌన్సెలింగ్‌కి వెళితే గ్రీన్‌కార్డు ఆగిపోతుందా?

వీసా దిగులు, ఆరోగ్యం గురించి పాఠకులు అడిగినవి

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బి మీద ఉంటున్నాను. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చి ఏళ్లవుతున్నా గ్రీన్‌కార్డు వంతు రాలేదు. ఏడాదిగా రాత్రి మూడింటికే మెలకువ వస్తోంది, గుండె దడ. బీపీ 148/94 ఉంది. డాక్టర్ కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. అది రికార్డుకెక్కితే గ్రీన్‌కార్డు మెడికల్‌లో ఇబ్బంది అవుతుందని నా భార్య వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఆందోళనకో డిప్రెషన్‌కో చికిత్స తీసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు కాదనరు. చట్టం చూసేది జబ్బు పేరును కాదు. ఆ జబ్బు వల్ల తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రవర్తన ఉందా, మళ్లీ వచ్చే అవకాశం ఉందా అన్నదే చూస్తుంది. గ్రీన్‌కార్డు వైద్య పరీక్ష తాలూకు ఐ-693 ఫారం నింపే సివిల్ సర్జన్ (ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టర్) పాత జబ్బులు, మందుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిపెడితేనే చిక్కు. గతంలో ఆత్మహత్యాయత్నం లాంటిది ఉంటే మాత్రం, వైద్యం చేసిన డాక్టర్ దగ్గర ఉత్తరం తీసుకుని ముందుగానే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి.

నిజంగా కేసుకు చేటు చేసేవి వేరే ఉన్నాయి. నిద్ర కోసమని రోజూ రెండు పెగ్గులు అలవాటై, ఒకనాడు తాగి నడుపుతూ పట్టుబడితే ఆ ఒక్క అరెస్టుతోనే వీసా రద్దు కావచ్చు. నిద్ర పడుతుందని గంజాయి గమ్మీలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. కొన్ని రాష్ట్రాల్లో అమ్ముతున్నా ఫెడరల్ చట్టం గంజాయిని ఒప్పుకోదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీదే. కౌన్సెలర్‌కి భయపడి వీటి వైపు వెళ్లడం కన్నా ప్రమాదం లేదు.

ఇక మీ ఒంటి సంగతి. ముప్పు ఉందని మనసు అనుకున్నంతసేపూ శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ వదులుతూ ఉంటుంది. గంటా రెండు గంటల ఆపదకి అది పనికొస్తుంది. ఏళ్ల తరబడి సాగితే బీపీ, షుగర్ పెరుగుతాయి, నిద్ర పలచబడుతుంది. బరువు పెద్దగా లేకపోయినా దక్షిణాసియా వాళ్లకి షుగర్, గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తాయి కాబట్టి ‘టెన్షన్‌లే’ అని వదిలేయకండి. వారం పాటు ఇంట్లో బీపీ రాసుకోండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, నిమిషం తేడాతో చూడాలి. మాట్లాడుతూనో, కాలు మీద కాలేసుకునో చూస్తే అంకె ఎక్కువ వస్తుంది. ఆ కాగితం డాక్టర్‌కి చూపించి థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల షుగర్ సగటు చూపే పరీక్ష), ఈసీజీ అడగండి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు పడితే 911కి ఫోన్ చేయండి. అది పానిక్ అటాకా, గుండెపోటా అన్నది ఇంట్లో తేలే విషయం కాదు.

రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఫోన్ ముట్టుకోవద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున లేచే వేళ మారకూడదు. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. గ్రీన్‌కార్డు వంతు ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ వచ్చేది నెలకొకసారి. మీరు చూడాల్సిందీ అంతే.

కౌన్సెలర్ కోసం ముందు మీ కంపెనీ ఈఏపీని (ఉద్యోగులకు కౌన్సెలింగ్ లాంటి సాయం అందించే పథకం) అడగండి. సాధారణంగా మొదటి కొన్ని సెషన్లు ఉచితం, మీరేం మాట్లాడారో మేనేజర్‌కి చేరదు. దక్షిణాసియా కౌన్సెలర్ల జాబితా న్యూజెర్సీలోని సామ్‌హిన్ సంస్థ దగ్గర ఉంటుంది. వీడియోలో మాట్లాడినా సరే, మీరుండే రాష్ట్రంలో వాళ్లకి లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి.

ప్రశ్న: మొన్న లేఆఫ్ అయ్యాను. హెచ్-1బి మీద ఉన్నాను, 60 రోజుల్లో దారి చూసుకోకపోతే దేశం విడవాలంటున్నారు. తిండి సహించడం లేదు, ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నాను.

జవాబు: ముందు తేదీలు కాగితం మీద పెట్టండి. లెక్క సాధారణంగా మీకు జీతం వర్తించే ఆఖరి పనిరోజు మర్నాటి నుంచి మొదలవుతుంది. సెవరెన్స్ డబ్బు అందినంత మాత్రాన గడువు పెరగదు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకుముందే ముగుస్తుంటే ఆ తేదీయే మీ గడువు. ఈలోగా కొత్త కంపెనీ హెచ్-1బి పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్పుకి (వేరే రకం వీసా హోదాకి) ఐ-539 ఫారం వేయాలి. లాయర్‌ని ఆఖరి వారంలో కాదు, ఈ వారంలోనే కలవండి. రాష్ట్ర బార్ లైసెన్సు ఉన్నవాళ్లనే నమ్మండి, ‘అంతా మేం చూసుకుంటాం’ అనే కన్సల్టెంట్లని కాదు.

ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుందో హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగి, ఆలోపే మందులు రీఫిల్ చేయించుకోండి. కోబ్రా (ఉద్యోగం పోయాక పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే వీలు) తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి కనీసం 60 రోజులుంటాయి. తీసుకుంటే పాత కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది, ప్రీమియం కూడా అప్పటి నుంచే కట్టాలి. మార్కెట్‌ప్లేస్ (ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్లాన్‌కీ 60 రోజుల వ్యవధి ఉంది, ధరలు పోల్చుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్‌లో దుబాసీని కూడా అడగొచ్చు.

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యకిచ్చే వీసా) మీద అమెరికా వెళ్లింది. ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తుంది, కారణం చెప్పదు. మేమేం చేయగలం?

జవాబు: ‘సర్దుకుపో’ అనకండి. అల్లుడు పక్కన లేని వేళ చూసి, భయపెడుతున్నాడా, కొడుతున్నాడా, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకున్నాడా అని సూటిగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అనీ అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. హింస ఉంటే తను గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి ఫోన్ చేయొచ్చు. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియాలో మైత్రి, జార్జియాలో రక్ష దక్షిణాసియా కుటుంబాల కోసమే పనిచేస్తున్న సంస్థలు. భర్త హింసకు గురైన హెచ్-4 మహిళ తనంతట తానే ఐ-765వి ఫారంతో వర్క్ పర్మిట్ అడగవచ్చు.

గుంటూరు నుంచి 911కి గానీ 988కి గానీ కలవదు. అందుకే అమ్మాయి ఇంటి పూర్తి చిరునామా అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, ఆ ఊరి పోలీసుల మామూలు ఫోన్ నంబరు, పక్కింటివాళ్లదో స్నేహితురాలిదో ఒక నంబరు ఇవాళే రాసి పెట్టుకోండి.