బాహుదా మొగలో మడ నాటే ముందు

చిరంజీవి అల్లుడికి,

ఒడిశాలోని సోనాపూర్ దగ్గర, బాహుదా నది సముద్రంలో కలిసే మొగలో, ఉప్పునీటి బురదలో పెరిగే తెల్ల మడ చెట్లు పెంచాలని మీ కుర్రాళ్లంతా అనుకున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. మొక్కలెన్ని కావాలో తర్వాత చూద్దురు గాని, ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి.

అమావాస్య పోటుకి నీళ్లు ఎంతవరకు ఎక్కుతున్నాయో, అష్టమి పోటుకి ఎక్కడ ఆగుతున్నాయో కర్రలు పాతి చూడండి. ఆ రెండు కర్రల మధ్య బురద తెల్ల మడకి సరైన చోటు. మరీ కిందికి దిగితే పాటుకి, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళకి కూడా నేల ఆరదు. మడ బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్లతోనే గాలి పీలుస్తుంది. అవి రోజుల తరబడి మునిగి ఉంటే ఎదిగిన చెట్టు కూడా చచ్చిపోతుంది. ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతే జరిగేది అదే. అందుకని మొగ ఎటు జరుగుతోందో వేటకెళ్లే పెద్దల్ని అడగండి.

ఉప్పు పేరిన తెల్లటి నేలలో నేరుగా నాటొద్దు. పాయ నుంచి పెద్ద కాలువ తీసి, దానికి చేపముల్లులా ఏటవాలుగా పిల్లకాలువలు తియ్యాలి. పోటుకి వచ్చిన నీరు పాటుకి పూర్తిగా వెళ్లిపోయేలా వాలు ఉండాలి. మొక్క కాలువ అడుగున కాదు, గట్టు వాలు మధ్యలో పెట్టాలి.

కాయలు వానాకాలంలో ముదురుతాయి. ఆకుపచ్చ తగ్గి పసుపు తిరిగి, కొమ్మ ఊపగానే రాలేవే ఏరండి. పురుగు కన్నం ఉన్నవి పారెయ్యండి. గింజలు దాస్తే రోజుల్లోనే పాడవుతాయి, కాబట్టి మట్టి నింపిన సంచులు ముందే సిద్ధంగా ఉండాలి. ఒక రాత్రి పాయ నీళ్లలో నానబెడితే పైతోలు జారిపోతుంది. వేరు వచ్చే కొస కిందికి పెట్టి, మూడో వంతు మాత్రమే బురదలోకి నొక్కాలి. పూర్తిగా పూడిస్తే కుళ్లుతుంది. సంచుల్ని పోటు తగిలే చోటే ఉంచండి, పీతలు కొరకకుండా చుట్టూ సన్నకళ్ల వల కట్టండి.

మొక్క అడుగు ఎత్తు దాటాక, సంచి చింపి, వేరుమట్టి విడకుండా మీటరున్నర దూరంలో నాటండి.

తర్వాత మేకలు, గేదెలు. వాటికి ఈ ఆకంటే చాలా ఇష్టం. మొదటి రెండేళ్లు కంచె తప్పదు. పెద్ద పోటు తీశాక మొక్కలకి చుట్టుకున్న నాచు, వల ముక్కలు తీసెయ్యండి. గొంగళిపురుగు ఆకంతా తిన్నా మందు కొట్టొద్దు, ఆ నీళ్లలోనే రొయ్యా పీతా బతకాలి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

సముద్రం వైపు ఇసుక తిన్నెల మీద మాత్రం నాటొద్దు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు అది. పని మొదలెట్టే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి, దరఖాస్తు ఒడియాలో రాయించు. మొక్కలు చచ్చిన చోట వెంటనే కొత్తవి పెట్టకండి. కాండానికి గుల్లలు పట్టాయంటే కిందికి నాటారని, ఆకులు అంచుల నుంచి మాడాయంటే ఉప్పు పేరుకుందని చూసుకుని, చోటు మార్చాలో కాలువ లోతు చెయ్యాలో తేల్చాకే నాటండి.

ఆశీస్సులతో,
మీ మావయ్య