పార్టీల బయట ఐక్య వేదికలు కట్టే పని జీవనోపాధి అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది రాజనీతిశాస్త్రంతో బి.ఏ. పూర్తి చేసింది. ఏ పార్టీలోనూ చేరనని, కాలనీ సంక్షేమ సంఘాలను, బస్తీవాసులను, పారిశుధ్య కార్మికులను, ఆటో డ్రైవర్లను ఒకే వేదిక మీదికి తెచ్చే పని చేస్తానని అంటోంది. గ్రూప్-1కి చదవమంటే వినడం లేదు. అసలు ఇది ఉద్యోగమేనా? కేసుల్లో ఇరుక్కుంటుందేమోనని మాకు భయంగా ఉంది. - ఒక తండ్రి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మీ అమ్మాయి చెబుతున్న పని నిజంగా ఉన్నదే. అయితే ఆ పేరుతో నోటిఫికేషన్ ఎక్కడా పడదు. ఈ రంగంలో నిలదొక్కుకున్న వారిని గమనిస్తే, ముందు ఏదో ఒక వృత్తిలోనో, ఒక సంఘంలోనో పేరు తెచ్చుకుని, ఆ నమ్మకంతోనే పది సంఘాలను కలపగలిగిన వారే ఎక్కువగా కనిపిస్తారు. అందుచేత మీ అమ్మాయిని వద్దనకండి, కానీ నేరుగా ఐక్య వేదికతో మొదలుపెట్టనివ్వకండి.

మన కళ్లెదుటి ఉదాహరణే తీసుకుందాం. 2009 డిసెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ జేఏసీ (సంయుక్త కార్యాచరణ సమితి) ఏర్పడినప్పుడు అందులో పార్టీలూ ఉన్నాయి, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, విద్యార్థుల సంఘాలూ ఉన్నాయి. కన్వీనర్‌గా మాత్రం ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించే కోదండరాం వచ్చారు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. కానీ అందరూ చివరిదాకా ఒకేలా నిలవలేదు. ఆర్టీసీ, సింగరేణి కార్మికులు ముందే విరమించగా, ప్రభుత్వ ఉద్యోగులు ఆ తర్వాత విరమించారు. జీతం ఆగితే ఎవరి ఇల్లు ఎన్నాళ్లు గడుస్తుందన్నది సంఘానికీ సంఘానికీ వేరుగా ఉంటుంది. ఆ లెక్క తెలిసి, ముందుగా తప్పుకున్న వారిని ద్రోహులుగా చూడకుండా, రేపటి కార్యక్రమానికి మళ్లీ పిలవగలగడమే ఈ పనిలోని అసలు నైపుణ్యం. అది ఏ సిలబస్‌లోనూ దొరకదు.

సమాచార హక్కు చట్టం కథ కూడా ఇలాంటిదే. రాజస్థాన్ పల్లెల్లో కూలి డబ్బుల మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు) చూపించమని అడిగిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజుల ధర్నా చేసింది. అదే ఏడాది పాత్రికేయులు, న్యాయవాదులు, విశ్రాంత అధికారులు కలిసి సమాచార హక్కు కోసం జాతీయ ప్రచారోద్యమాన్ని ఏర్పాటు చేశారు. చట్టం 2005 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ముసాయిదా రాయగలిగిన వారు, పత్రికలో వివరించగలిగిన వారు, ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసిన వారు ఒకచోట చేరకపోతే, పల్లెలో లేచిన డిమాండు పార్లమెంటు దాకా వెళ్లి ఉండేదా అన్నది నా అనుమానం.

రోజువారీ పని ఎలా ఉంటుందో మీ అమ్మాయి దగ్గర నుంచి చూడాలి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లోనో జరిగే రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లమనండి. ప్రసంగాల కన్నా, ఆ ముందురోజు రాత్రి కరపత్రం మీద ఏ సంఘం పేరు ముందు రావాలి, వేదిక మీద ఎవరు కూర్చోవాలి, తీర్మానంలో ‘డిమాండ్ చేస్తున్నాం’ అనాలా ‘కోరుతున్నాం’ అనాలా అన్న వాటిపై సాగే ఫోన్లే ఎక్కువ నేర్పుతాయి. పేరు కింది వరుసలో పడిందని ఉదయానికి రావడం మానేసే నాయకులు ఉంటారు. మీ అమ్మాయి చెప్పిన నాలుగు వర్గాలకూ ప్రయోజనాలు ఒకటి కావు. ఫుట్‌పాత్ మీది బండ్లు తీసేయాలని కాలనీ సంఘం కోరుతుంటే, వాటి మీదే బతికే కుటుంబం పక్క బస్తీలో ఉంటుంది. తాగునీరు, చెత్త సేకరణ వంటి ఏదో ఒక్క సమస్య మీదనే వీరంతా కలుస్తారు, అది తీరగానే విడిపోతారు. విడిపోవడాన్ని ఓటమిగా భావించే స్వభావం ఉన్నవారికి ఈ పని సరిపడదు.

చదువు విషయానికి వస్తే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.కు సీయూఈటీ పీజీ రాయాలి; దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో తీసుకుంటారు. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కళాశాలలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంది. నన్నడిగితే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వైపే మొగ్గుతాను. ఏ సంఘమైనా న్యాయవాదిని వదులుకోదు, జీతం లేని నెలల్లో ప్రాక్టీసు ఆదుకుంటుంది. చదువుతూనే ఒక్క ప్రజా సంఘంలో రెండేళ్లు పనిచేయమనండి. ఉదాహరణకు, వీధి వ్యాపారుల సంఘాన్ని తీసుకోండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీ సభ్యుల్లో కనీసం 40 శాతం మంది, వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్న వారే ఉండాలి. అక్కడ అధికారులతోనూ, పోలీసులతోనూ, వ్యాపారులతోనూ ఒకే బల్ల దగ్గర మాట్లాడటం నేర్చుకోవచ్చు.

డబ్బు విషయంలో మీ ఆందోళన సబబే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో వచ్చిన సవరణతో, ఒక సంస్థ తనకు అందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది, పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ నిధులతో చిన్న సంఘాలను కలిపి నడిపే పద్ధతికి అది గట్టి దెబ్బ. కాబట్టి ఏ సంస్థలో చేరినా నియామక పత్రం, పీఎఫ్ ఉన్నాయో లేదో, తన జీతం ఏ ప్రాజెక్టు నుంచి వస్తుందో, అది ఎప్పుడు ముగుస్తుందో ముందే అడగమనండి. సేవ పేరు చెప్పి ఈ ప్రశ్నలకు నొచ్చుకునే సంస్థలో చేరకపోవడమే మేలు.

ఇక కేసుల సంగతి. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో అనుమతితో కూర్చోవడం వేరు, అనుమతి లేకుండా రోడ్డు దిగ్బంధించడం వేరు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టుల గురించి, కేసుల గురించి అడిగితే దాచకూడదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్నపాటి కేసుల విషయంలో యాజమాన్యం విచక్షణతో వ్యవహరించవచ్చని చెప్పింది కానీ, సమాచారం దాచడాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మరొక మాట: గ్రూప్-1 అధికారిగా చేరాక, ప్రవర్తనా నియమావళి ప్రకారం రాజకీయ ఉద్యమాల్లో పాల్గొనే వీలుండదు. రెండూ కలిపి చేయవచ్చని మీ అమ్మాయికి ఎవరైనా చెప్పి ఉంటే అది నిజం కాదు.

ఇదంతా చివరికి పార్టీ వైపే పోతుందేమోనన్న సందేహం మీకు రావచ్చు. 1996లో ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా 2006లో పార్టీ అయింది, కోదండరాం 2018లో తెలంగాణ జన సమితి స్థాపించారు. అలా కాకుండా, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు ఓటర్లకు తెలియాలని 1999లో కోర్టుకెక్కిన అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ నేటికీ పార్టీల బయటే ఉంది. ఆ నిర్ణయం మీ అమ్మాయి ఇప్పుడే తీసుకోనక్కరలేదు. ముందు ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ నోటిఫికేషన్ తేదీలు చూసుకోమనండి.