షీనా ఈస్టన్ ఎవరు? సొంత గడ్డ మీదే ఆమెను ఎందుకు గేలి చేశారు?

అమెరికాలో నంబర్ వన్ కొట్టిన స్కాట్లండ్ సింగర్ మీద సొంతవాళ్లే సీసాలు విసిరారట, నిజమేనా అని అడిగారు. నిజమే. గ్లాస్గోలో మాస్టర్స్ చేసేటప్పుడు ఆ దగ్గర్లోని ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ చేశాను. ఆమె పేరెత్తితే చాలు, అక్కడ రెండు పార్టీలైపోయేవారు.

షీనా 1959లో గ్లాస్గో పక్కనున్న బెల్స్‌హిల్‌లో పుట్టింది. ఆరుగురు సంతానంలో ఆఖరిది. ఉక్కు మిల్లులో పనిచేసే తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. గ్లాస్గోలో డ్రామా టీచర్ కోర్సు చదువుతూ రాత్రిళ్లు క్లబ్బుల్లో పాడేది. ఒక కొత్త గాయనిని ఇండస్ట్రీ ఎలా తయారుచేస్తుందో చూపించడానికి బీబీసీ 'ది బిగ్ టైమ్' కార్యక్రమంలో ఆమెను తీసుకుంది. 1980లో అది ప్రసారమయ్యాక, అంతకుముందు పెద్దగా ఆడని 'మోడరన్ గర్ల్', కొత్త పాట 'నైన్ టు ఫైవ్' రెండూ ఒకేసారి బ్రిటన్ టాప్ టెన్‌లో కూర్చున్నాయి.

అమెరికన్ గాయని డాలీ పార్టన్‌కి అదే పేరుతో పాట ఉండటంతో అమెరికాలో 'నైన్ టు ఫైవ్'ను 'మార్నింగ్ ట్రైన్' చేశారు. 1981లో అది అక్కడ నంబర్ వన్. అదే ఏడాది 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' బాండ్ సినిమా టైటిల్స్‌లో పాడుతూ తెర మీద కూడా కనిపించింది. అంతకుముందు ఏ బాండ్ సింగర్‌కీ ఆ ఛాన్స్ రాలేదు. ఉత్తమ కొత్త కళాకారిణిగా గ్రామీ, మెక్సికో గాయకుడు లూయిస్ మిగెల్‌తో పాడిన స్పానిష్ పాటకు మరో గ్రామీ వచ్చాయి. తర్వాత అమెరికన్ పాప్ స్టార్ ప్రిన్స్‌తో కలిసి పాటలు చేసింది. అతను మారుపేరుతో రాసిన 'షుగర్ వాల్స్' పాటలోని శృంగార ధ్వని మీద అమెరికాలో పెద్ద గొడవే అయింది. నాకైతే ఆ పాటలో గొడవే ఎక్కువ, సంగీతం తక్కువ.

ఇక మీరడిగిన సంగతి. 1990లో గ్లాస్గో యూరప్ సాంస్కృతిక నగరంగా ఉన్నప్పుడు గ్లాస్గో గ్రీన్‌లో 'ది బిగ్ డే' అనే పెద్ద కచేరీ పెట్టారు. షీనా మైకు పట్టుకుని అమెరికన్ యాసలో మాట్లాడేసరికి జనం గోల చేశారు, సీసాలు విసిరారు. కేర్ హోమ్‌లో ఒకావిడ, రేడియోలో ఆమె పాటకు టీ కప్పు మీద వేళ్లతో తాళం వేస్తూనే, "పాట బాగానే పాడుతుంది గానీ, మనల్ని మర్చిపోయింది" అనేది. పక్క కుర్చీలో పెద్దాయన "పొట్ట కూటికి వెళ్లిన పిల్ల, అక్కడి మాట అంటుకోదా?" అని ఎదురు తగులుకునేవాడు.

నేను పెద్దాయన పార్టీ. గ్లాస్గో యాస నాకూ పట్టేసింది. రాజమండ్రికి ఫోన్ చేసినప్పుడు మధ్యలో ఎవరితోనో రెండు ముక్కలు ఇంగ్లీషులో అంటే, మా బావ వారం పాటు ఫ్యామిలీ గ్రూపులో నన్ను దొరసాని అని ఏడిపించాడు. ఏళ్ల తరబడి అమెరికాలో ఉన్న మనిషి గొంతు మారకపోతేనే ఆశ్చర్యం. కాకపోతే సొంతూరి స్టేజీ ఎక్కేటప్పుడు ఒక్క ముక్కైనా అక్కడి మాటలో అనాల్సిందన్న ఆవిడ వాదనా తీసిపారేయలేను.

ఆమె తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకుంది, లాస్ వెగాస్‌లో షోలు చేసింది. 2017లో లండన్‌లో '42వ వీధి' మ్యూజికల్‌లో నటించింది. వినాలనుకుంటే ముందు బాండ్ పాట, ఆ వెంటనే ప్రిన్స్‌తో పాడిన 'యూ గాట్ ద లుక్' పెట్టుకోండి. రెండూ ఒకే గొంతంటే మా రూమ్మేట్ నమ్మలేదు.