కౌంట్ పెరగలేదని మందు మార్చుకోవద్దు

చిరంజీవి అప్పలరాజును ఆశీర్వదించి మీ మేనత్త రాయునది.

హెచ్‌ఐవీకి మందులు వాడుతుంటే, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షలో అది కనబడనంతగా తగ్గినా, ఏడాది గడిచాక కూడా సీడీ4 కౌంట్, అంటే రోగాలతో పోరాడే టీ కణాల లెక్క, 180 దగ్గరే ఆగిందని, మందు మార్పించుకోవాలా అని అడిగావు. అక్కరలేదు బాబూ. ఏఆర్‌టీ మందుల, అంటే నీవు వాడే హెచ్‌ఐవీ మందుల పని వైరస్ పెరగకుండా ఆపడం. ఆ పని సవ్యంగా జరుగుతోందని నీ వైరల్ లోడ్ చెబుతూనే ఉంది. పోయిన కణాలను తిరిగి తయారుచేసుకోవలసింది మాత్రం శరీరమే. చాలామందికి మొదటి ఏడాదిలో 50 నుంచి 150 దాకా పెరుగుతుంది గాని, నీలాగా కౌంట్ బాగా పడిపోయాక మందులు మొదలుపెట్టినవారికి, వయసు పైబడినవారికి ఆలస్యమవుతుంది. కొత్త టీ కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోవడం, వైరస్ మూలంగా ఏళ్ల తరబడి లోలోపల సాగిన వాపు వల్ల లింఫ్ గ్రంథులు మచ్చకట్టి ఆ కణాలకు చోటు తగ్గడం ఇందుకు కారణాలు.

టీ కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సూదిమందుతో కౌంట్ పెంచి కూడా చూశారు. 2009లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలలో అంకె పెరిగింది గాని జబ్బులూ మరణాలూ తగ్గలేదు. అందుకే కౌంట్ పెంచుకోవడానికి నీవు కొన్న బలం పొడి గురించి నాకు బెంగగా ఉంది. అందులో ఐరన్, క్యాల్షియం, జింక్ ఉంటే, పరగడుపున నీ ఏఆర్‌టీ మందైన డోలుటెగ్రావిర్ మాత్రతో కలిపి వేసుకున్నప్పుడు అవి ఆ మందును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. కౌంట్ పెంచుకోబోయి, పనిచేస్తున్న మందునే చెడగొట్టుకున్నట్టవుతుంది.

కౌంట్ 200 లోపు ఉన్నంతకాలం నీవు పట్టించుకోవలసింది ఇతర జబ్బులు రాకుండా చూసుకోవడం. అవి రాకుండా వేసుకునే కోట్రిమోక్సజోల్ మాత్రను డాక్టరుగారు ఆపమనేదాకా మానకు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా క్షయ పరీక్ష చేయించుకో. తగ్గని తలనొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు ఎక్కేటప్పుడు, తిరిగి రావడం ఆలస్యమైనా సరిపోయేలా అదనపు మాత్రలు తడవని డబ్బాలో పెట్టుకో. జ్వరం ఉన్నప్పుడు సీడీ4 తాత్కాలికంగా తగ్గవచ్చు గనుక ఆ ఒక్క అంకె చూసి కుంగిపోకు.

ఈసారి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బా తీసుకెళ్లి డాక్టరుగారికి చూపించు. అంతవరకు దాన్ని వాడకు.