అరకు వైపు తొలిసారి టెంటు వేసుకొని ఉండాలంటే

విశాఖపట్నంలో ఉంటున్న మీరు నలుగురు స్నేహితులు డిసెంబరులో అరకు వైపు వెళ్లి, రెండు రాత్రులు టెంటులో పడుకొని, కటికి జలపాతం, వంజంగి కొండ, లంబసింగి గ్రామం మూడూ నడిచి చూసి రావాలనుకుంటున్నారు. మీలో ఎవరికీ కొండల్లో తిరిగిన అలవాటు లేదని, ఎక్కడ దిగితే మంచిదో, ఏమేం వెంట ఉండాలో చెప్పమని అడిగారు. నేనూ ఈ ఊరివాడినే. చలికాలం వస్తే అనంతగిరి కొండల్లో నడవడం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. నా మొదటి సలహా మీకు నచ్చకపోవచ్చు: ఆ మూడింటిలో రెండింటిని ఈసారికి వదిలేయండి.

ఈ మూడూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే ఉన్నా ఒకే దారిలో లేవు. అరకుకు మనం శృంగవరపుకోట మీదుగా వెళతాం, వంజంగికి చోడవరం, మాడుగుల దాటి పాడేరు చేరుకోవాలి, లంబసింగికి నర్సీపట్నం నుంచి ఎక్కడం సులువు. మూడింటినీ ఒకే ప్రయాణంలో కలిపితే పగలంతా ఘాట్ రోడ్డు మలుపుల్లోనే గడిచిపోయి, నడవడానికి ఓపికా వేళా రెండూ మిగలవు. (మాడుగుల మీదుగా వెళితే హల్వా దొరుకుతుంది కదా అంటారు కొందరు; ఆ మాట కాదనలేను.) కొత్తవారికి కటికి జలపాతం ఉన్న అనంతగిరి, అరకు వైపే మేలని నా అభిప్రాయం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ద్వారకా బస్ స్టేషన్ నుంచి బస్సులున్నాయి, ఉదయం కిరండూల్ ప్యాసింజర్ రైలు ఉంది, అరకులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఒకే చోట టెంటు వేసుకొని, అక్కడి నుంచి రోజుకో దిక్కుకు నడిచి సాయంత్రానికి తిరిగి వస్తే, బరువంతా భుజాన మోసే పని తప్పుతుంది.

టెంటు ఎక్కడ వేయాలన్నదే అసలు ప్రశ్న. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదు. రోడ్డు పక్కన ఖాళీగా కనిపించే మెట్టనేల కూడా ఎవరో ఒక గిరిజన కుటుంబం సాగుచేసుకునేదే అయి ఉంటుంది. అందుకని గ్రామంలోకి వెళ్లి, పెద్దవారిని పలకరించి, ఎవరి స్థలమో తెలుసుకొని, అడిగి, తగిన డబ్బు ఇచ్చి వేసుకోవడం మర్యాద. ఆ గ్రామాల్లో ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడుకున్నా మనతో తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకొని టెంటు, పరుపు, భోజనం సమకూర్చే చోట్లు కూడా ఇప్పుడు అరకు చుట్టూ చాలానే వచ్చాయి. మొదటిసారికి వాటిలో ఒకదానిలో ఉండడం చిన్నతనమేమీ కాదు. ఎక్కడ వేసుకున్నా వాహనం వచ్చే రోడ్డుకు పది నిమిషాల నడకలో ఉండేలా చూసుకోండి. రోడ్డు లేని గూడెంలో ఎవరికైనా కాలు విరిగినా పాము కరిచినా నేటికీ డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకురావలసిందే. అక్కడివారికి అది తప్పనిసరి. వినోదానికి వెళ్లిన మనం ఆ భారం వారి భుజాల మీద పెట్టకూడదు.

చలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊరివారికి చలి అంటే సముద్రపు గాలి మాత్రమే తెలుసు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. డిసెంబరు రాత్రి విశాఖలో 18 డిగ్రీలుంటే అక్కడ 12 ఉండాలని లెక్క వస్తుంది గానీ, నిజానికి పది లోపుకు పడిపోవడం మామూలే. చల్లబడిన గాలి బరువెక్కి కొండ వాలు వెంట జారి లోయ అడుగున నిలిచిపోవడమే దీనికి కారణం. కాబట్టి గెడ్డ (కొండవాగు) ఒడ్డున పచ్చగా, చదునుగా కనిపించే స్థలాన్ని చూసి మురిసిపోకండి. రాత్రికి ఆ ప్రాంతమంతటిలో అదే అతి చల్లని చోటు అవుతుంది. దానికి కాస్త పైన, వాలు మధ్యలో ఉన్న చదునైన చోటు చూసుకుంటే రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది.

చలి కంటే కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తడి. నలుగురూ ఒకే టెంటులో దూరి, చలికి భయపడి జిప్పులన్నీ బిగించి పడుకుంటే, ఊపిరిలోని ఆవిరి బయటకు పోయే దారి లేక పైగుడ్డకు పట్టేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి వేసి చూడండి: లోపలి గుడ్డంతా సన్నటి నీటి బొట్లు వరుసగా వేలాడుతుంటాయి, ఎవరి మోచేయి తగిలినా అవి ఒక్కసారిగా ముఖాల మీద రాలతాయి, స్లీపింగ్ బ్యాగ్ పాదాల వైపు అప్పటికే చెమ్మగిల్లి ఉంటుంది. దోమతెర జిప్పు మూసి, పైనున్న గాలి కిటికీ నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కింద నేల చలి ఎక్కకుండా మందపాటి ఫోమ్ మ్యాట్ తప్పనిసరి. పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా కింద మ్యాట్ లేకపోతే నిద్ర పట్టదు. రాత్రికి పొడి సాక్సు ఒక జత, మంకీ క్యాప్ విడిగా ప్లాస్టిక్ సంచిలో దాచుకోండి.

మీరు వంజంగి గురించి అంత ఆశపడడానికి కారణమైన పాలసముద్రం లాంటి మబ్బు అరకు చుట్టుపక్కల కొండల మీద నుంచి కూడా కనిపిస్తుంది. మబ్బులేని, గాలిలేని రాత్రుల్లో నేల వేడిని కోల్పోయి, లోయలో నిలిచిన తేమ పొగమంచుగా మారుతుంది. మనం దానికి పైన నిలబడితే అది సముద్రంలా కనిపిస్తుంది. కాబట్టి మూడున్నరకు లేచి ఆకాశం చూడండి. చుక్కలు స్పష్టంగా కనిపిస్తూ ఆకు కదలకుండా ఉంటే బయలుదేరవచ్చు. మబ్బు కమ్మి ఉన్నా, గాలి వీస్తున్నా మళ్లీ పడుకోవడం మేలు. ఎండ ఎక్కాక ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా అంతా కరిగిపోతుంది. వంజంగికే వెళ్లాలనుకుంటే పాడేరులో బస పెట్టుకొని, శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో వెళ్లండి. సెలవు రోజుల్లో ఆ కొండ మీద మబ్బు కంటే జనమే ఎక్కువగా కనిపిస్తారు.

నడకకు గ్రామం నుంచి ఒకరిని వెంట తీసుకువెళ్లండి. కాఫీ తోటల్లో దారులు ఒకదానిలోంచి ఒకటి చీలుతూ పోతాయి; సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు ఎటు చూసినా ఒకేలా ఉంటాయి, ఫోనుకు సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. మీరు వెళ్లేది కాఫీ పండ్లు కోసే కాలం. కళ్లాల్లో, టార్పాలిన్ల మీద ఎర్రటి పండ్లు, పొట్టు తీసిన గింజలు ఆరబోసి ఉంటాయి. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవండి, ఫొటో కోసం కొమ్మలు వంచి పండ్లు తెంపకండి. డిసెంబరులో సూర్యాస్తమయం ఐదున్నర లోపే అవుతుంది, పడమట కొండ అడ్డుంటే ఇంకా ముందే చీకటి పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి ఎక్కడ ఉన్నా వెనక్కు తిరగాలని ముందే మాట అనుకోండి. కటికి జలపాతానికి బొర్రా నుంచి జీపు మాట్లాడుకొని, మిగిలిన దూరం నడవండి. రైలు పట్టాల వెంట, సొరంగాల గుండా నడిచి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. అది నేరం, ప్రాణాంతకం కూడా, ఎందుకంటే ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బండ్లు ఆ మార్గంలో ఎప్పుడు వస్తాయో మనకు తెలియదు. అరకు దగ్గరున్న చాపరాయి వాగులో నీరు లోతు లేనట్టు కనిపించినా పాచి పట్టిన రాయి మీద అడుగు నిలవదు. అక్కడ కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి.

జాగ్రత్తల్లో రెండింటిని తేలిగ్గా తీసుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది, నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండవు. అందుచేత అడుగు గుడ్డ కలిపి కుట్టిన టెంటే వాడాలి, బయట చాప వేసుకొని నిద్రపోకూడదు, బూట్లు ఉదయం దులిపి తొడుక్కోవాలి. ఎవరికైనా తెల్లవారాక కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా కాటు కనిపించడం లేదని ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రెండవది మలేరియా. మన్యంలో వచ్చేది చాలావరకు మెదడుకు సోకగల ప్రమాదకరమైన రకం. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల మందు వాడండి, తిరిగి వచ్చిన తరువాత కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లి వచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

వంట పెట్టుకోకండి. గ్యాస్ సిలిండరు గానీ కిరోసిన్ గానీ రైల్లో తీసుకువెళ్లడం నిషిద్ధం, తోటల్లో ఎండుటాకుల మధ్య నిప్పు రాజేయడం అంతకంటే ప్రమాదం. గ్రామంలో ముందే చెబితే అన్నం, పప్పు, కావాలంటే బొంగు చికెన్ చేసి పెడతారు.

ఇప్పటి నుంచి నెల రోజులు ఆదివారాలు సింహాచలం మెట్లు ఎక్కి దిగండి, మరో రోజు మన ఊరి పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో అనుమతి ఉన్న దారిలో అదే బూట్లతో, అదే సంచితో నడవండి. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు వణికితే అనంతగిరి వాలులో ఇంకా ఎక్కువ వణుకుతాయి. సొంత కారులో వెళ్లేటట్లయితే తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రానికి పెట్టుకోకండి. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద వాహనాలు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోతాయి. ఏ రోజైనా మధ్యాహ్న భోజనం కాగానే బయలుదేరి, రెండో గేరులో, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, పొగమంచు కమ్మకముందే శృంగవరపుకోట చేరుకోండి.