ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లను మనుషులు తెచ్చి వదలడం తప్పా?

అమెరికాలో లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు మధ్యనున్న ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లు అంతరించిపోతుంటే కొత్తవాటిని విమానాల్లో తెచ్చి వదిలారు, ప్రకృతి పనిలో మనిషి వేలు పెట్టడం అవసరమా అని అడిగారు. అవసరమే. నన్నడిగితే పదేళ్లు ముందే చేయాల్సిన పని.

2017 వేసవిలో నేను ఆ దీవిలో వారం రోజులున్నాను. మినెసోటా ఒడ్డున గ్రాండ్ పోర్టేజ్‌లో పడవ ఎక్కి, లేక్ సుపీరియర్ దాటి విండిగో రేవులో దిగాం. అక్కడ 1958 నుంచి తోడేళ్ల మీద, అవి వేటాడే మూస్‌ల మీద (జింకల కుటుంబంలోకెల్లా పెద్ద జంతువు) పరిశోధన సాగుతోంది. దానికోసం ఏటా వేసవిలో నాలాంటి స్వచ్ఛంద సేవకులు దారీతెన్నూ లేని అడవిలో తిరిగి, చనిపోయిన మూస్‌ల ఎముకలు వెతికి తెస్తారు.

మూడో రోజు చిత్తడి నేలలో మోకాళ్ల దాకా దిగబడుతూ నడుస్తుంటే నాచు మీద తెల్లగా పక్కటెముకలు కనిపించాయి. ఆడ మూస్. పుర్రె నుంచి తోక దాకా ఎముకలన్నీ వరుస తప్పకుండా, పడుకున్నది పడుకున్నట్టే ఉంది. తోడేళ్లు తిన్నదైతే ఎముకలు చెల్లాచెదురై, కొసలు కొరికేసి ఉంటాయి. మా జట్టును నడిపిస్తున్న పెద్దాయన తుంటి ఎముకను పైకెత్తి నా చేతికిచ్చారు. తొడ ఎముక తల ఇమిడే గిన్నె అంచు చుట్టూ గరుకు బుడిపెలు. ఎముకకు ఎముక రాసుకుని ఒకచోట పింగాణీలా నున్నగా మెరుస్తోంది. కీళ్లవాతం. దూడగా ఉన్నప్పుడు సరిగా తిండి దొరకని మూస్‌లకే పెద్దయ్యాక ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని ఇలా ఏరిన ఎముకల వల్లనే తెలిసింది. చుట్టూ బాల్సమ్ ఫర్ అనే సూదాకుల చెట్టు మొక్కలు, చలికాలంలో మూస్‌లకు ముఖ్యమైన మేత అదే, ఒక్కటీ నా నడుము దాటలేదు. నిజానికి అవి మొక్కలు కావు. ఏటేటా చిగురు పోగొట్టుకుని ఎదగలేకపోయిన ఏనాటివో చెట్లు. నడవలేని ఆ ముసలి జీవం అక్కడ ఎన్ని రోజులు ఆకలితో పడి ఉందో! తోడేళ్లు తగినన్ని ఉంటే మొదట పట్టేది ఇలాంటివాటినే. ఆ ఏడాది దీవిలో మూస్‌లు 1,600 వరకు ఉంటే తోడేళ్లు రెండే రెండు. అవి తండ్రీకూతుళ్లు, పైగా ఒకే తల్లి కడుపున పుట్టినవి.

ఆ స్థితికి తెచ్చింది ప్రకృతి కాదు. తోడేళ్లు 1940ల చివర్లో గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి వచ్చాయి. 1980లో 50 ఉండేవి. తర్వాత కుక్కలకు వచ్చే పార్వో వైరస్ మనుషుల వల్లే దీవికి చేరింది. రెండేళ్లలో 14 మిగిలాయి. అక్కడికి కుక్కలను తీసుకురాకూడదంటే ఇప్పటికీ ముఖం చిట్లించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1997లో ఒక్క మగ తోడేలు మంచు మీదుగా వచ్చి, తన రక్తంతో ఆ మందలను కొన్నేళ్లు నిలబెట్టింది. ఇప్పుడు చలికాలాలు వేడెక్కి ఆ మంచు దారి ఎప్పుడో గాని పడటం లేదు. వంతెన కూల్చింది మనం. ఏరు దాటడం నీ ఖర్మ అని తోడేలుకు చెప్పడం ఏం న్యాయం?

2018, 2019లలో 19 తోడేళ్లను తెచ్చారు. వాటిలో కొన్ని ఒంటారియోలోని మిషిపికోటెన్ దీవి నుంచి వచ్చాయి. అక్కడ తోడేళ్లు క్యారిబూల (రెయిన్‌డీర్ జాతి) మందను దాదాపు ఊడ్చిపెట్టాయి. మిగిలిన కాసిని క్యారిబూలను హెలికాప్టర్లలో వేరే దీవులకు చేర్చారు, తిండి లేక చిక్కిపోయిన తోడేళ్లను ఇటు తెచ్చారు. ఈ ఉదాహరణే చూపించి నాతో వాదించేవారున్నారు. తోడేళ్లను వాటి మానాన వదిలేసి తిరిగి చూడకుండా ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అది. ఐల్ రాయల్‌లో ఏటా లెక్కపెట్టేవారున్నారు. 2023 నాటి లెక్క 31 తోడేళ్లు, 967 మూస్‌లు.

ఇంకో మాట. కణితి, దుప్పి, మనుబోతు, కృష్ణజింక అని విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాష మనది. అలాంటిది మూస్, క్యారిబూ, తెల్లతోక జింక మూడింటినీ కలిపి "జింక" అని రాసేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తేడా తెలియకపోతే నష్టం చిన్నది కాదు. తెల్లతోక జింకలో హాని చేయకుండా బతికే ఒక పురుగు, నత్తల ద్వారా మూస్‌కు చేరి మెదడును తొలిచేస్తుంది. మినెసోటాలో మూస్‌లు తగ్గిపోవడానికి అదొక కారణం. అయినా మా వీధిలో, మనవాళ్లతో సహా, పెరట్లో ఆపిల్ ముక్కలూ మొక్కజొన్నా చల్లి జింకలను పోగుచేస్తూనే ఉన్నారు. దయచేసి మానండి.

మీరు ఎప్పుడైనా విండిగోలో దిగితే, రేవుకు దగ్గరలోనే మూస్‌లు దూరకుండా కంచె వేసిన చిన్న అడవి ముక్క ఉంది. అక్కడ ఒక పది నిమిషాలు ఆగండి. కంచె లోపలి ఫర్‌లనూ బయటి ఫర్‌లనూ చూడండి. తర్వాత మీ ప్రశ్నను మళ్లీ అడగండి.